నల్లా రాయుడి జ్వరం

గెడ్డవలస మునిసిపాలిటీ కమిషనర్ పరాంకుశరావుగారు మహమ్మారిని ఆపడానికి ఒక ఉత్తర్వు జారీ చేశారు. మహమ్మారికి తెలుగు రాదు కాబట్టి దాని మీద ఆ ఉత్తర్వు పనిచెయ్యలేదు. జనానికి వచ్చు కాబట్టి జనం మీద పనిచేసింది.

"ఏ బహిరంగ స్థలమునందైనను ముగ్గురికి మించి గుమిగూడుట నిషేధించడమైనది. ఇందుకు ఎట్టి మినహాయింపులును లేవు."

ఆటోకి మైకు కట్టి ఈ ముక్క ఊరంతా తిప్పారు. మైకులో ఏం చెబుతున్నారో వినడానికి ప్రతి వీధిలోనూ జనం గుమిగూడారు.

ఇటుకల వీధిలో ఒకటే కుళాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వస్తుంది. వీధి వీధంతా బిందెలు పట్టుకుని అక్కడే ఉంటుంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావు వచ్చి చూశాడు. ముగ్గురేసి చొప్పున రండి అని చెప్పవచ్చు. కానీ అలా చెబితే రోజూ వచ్చి చూడాలి. అందుకని కుళాయి పిడి ఊడదీయించి, గొట్టానికి బిరడా బిగించి, మెడలో ఒక అట్టముక్క వేలాడదీశాడు: "గుమిగూడుటకు ప్రేరేపించు వస్తువు. తాకరాదు."

ఆ కుళాయికి ఎదురిల్లే అప్పలనరసమ్మది. ఇంట్లో కూతురు గౌరి పచ్చి బాలింత. కళ్లు కూడా సరిగా తెరవని మనవరాలు. నీళ్లు కావాలంటే రైలు పట్టాలు దాటి గెడ్డ వాగుకి పోవాలి. గెడ్డ నీళ్లు మనుషులకంటే గేదెలకి బాగా ఇష్టం. రెండోసారి ఆ నీళ్లతో స్నానం చేయించేసరికి పసిదానికి ఒళ్లంతా పేలినట్టు ఎర్రటి పొక్కులు లేచాయి.

"ఇంక నాను ఊరుకోను. ఎల్లి అడిగీసొస్తాను" అని అప్పలనరసమ్మ కొంగు బిగించింది.

ఒక్కతే మునిసిపల్ ఆఫీసుకి పోతే గుమ్మం దగ్గరే తోలేస్తారు. పెద్ద నోరున్నది పక్కింటి కొండమ్మకి, చదువున్నది ఆటో తోలే దాలినాయుడికి. వాళ్లిద్దరూ కూడా వస్తామన్నారు. ముగ్గురు. ఉత్తర్వుకి సరిగ్గా సరిపోయారు. కొండమ్మకి మాత్రం సరిపోలేదు.

"ముగ్గురమా! ముగ్గురం కలిసి ఎల్తే ఏ పనైనా అవుద్దేటే?"

"అప్పా, నలుగురమైతే లోపలేసేస్తారు."

"అయితే ఇద్దరెల్లండి."

"నువ్వు రాకపోతే అక్కడ అరిచేదెవులు? దాలిబాబు రాకపోతే సదివేదెవులు?"

కొండమ్మ వీధి మొదటికేసి చూసింది. వీధి మొదట్లో ఒక కంకర గుట్ట ఉంది. గత ఎన్నికలకి ముందు రోడ్డు వేస్తామని పోసినది. ఎన్నికలు అయిపోయాయి, గుట్ట ఉండిపోయింది. దాని మీద తుమ్మ మొక్క కూడా మొలిచింది. కొండమ్మ అక్కడికి పోయి గుప్పిట్లో పట్టేంత నల్లరాయి ఒకటి ఏరి, కొంగున ముడేసుకుంది. ముగ్గురు బయల్దేరవలసి వస్తే రాయిని నాలుగో మనిషిగా వెంటబెట్టుకుని పోవడం ఆవిడ పుట్టింటి వాళ్లూ, అత్తింటి వాళ్లూ, దారిన పోయేవాళ్లూ అందరూ చేసేదే.

"ఇంక పదండి. నలుగురం" అంది.

"నీ సాదస్తం తగలెయ్య" అంది అప్పలనరసమ్మ. ఆ మాటని తర్వాత వెనక్కి తీసుకోవలసి వస్తుందని ఆవిడకి అప్పుడు తెలియదు.

మునిసిపల్ ఆఫీసు గేటు దగ్గర తాడు కట్టి, తాడు వెనక కుర్చీ వేసుకుని సన్యాసిరావు కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. భయస్తుడు. ముందురోజే కమిషనర్‌గారు ఆయనకి మెమో ఇచ్చారు. ఊళ్లో ఇంతవరకు ఒక్క ఉల్లంఘన కూడా పట్టుకోలేదంటే ఉల్లంఘనలు లేనట్టా, పట్టుకునేవాడు లేనట్టా అని.

"ఎంతమంది?" అన్నాడు తలెత్తకుండా.

"ముగ్గురమండి బాబూ" అంది అప్పలనరసమ్మ.

కొండమ్మ ఆవిడ నడుం మీద గిల్లింది. ముగ్గురమని నోటితో అనేస్తే ఇంక రాయి తెచ్చి ఏం లాభం?

"కాదండి. నలుగురం" అంది గట్టిగా.

సన్యాసిరావు తలెత్తాడు. "ముగ్గురే ఉన్నారు కదమ్మా. నాలుగో మనిషేడీ?"

"ఇడుగో" అని కొండమ్మ కొంగుముడి విప్పింది.

మెమో అందుకోని మనిషైతే నవ్వేసి పంపేసేవాడు. సన్యాసిరావు పెన్ను మూత తీశాడు.

"పేరు?"

"రాయి."

"ఏం రాయి?"

"నల్లరాయి."

"నల్లా వారన్నమాట. నల్లా రాయుడు. వయసు?"

"ఓలమ్మ, నాను పుట్టకముందు నుంచీ ఉన్నాడు."

"అరవయ్యయిదు దాటిన వృద్ధులు గడప దాటరాదని మైకులో చెప్పలేదా? మాస్కేదీ?"

అప్పలనరసమ్మకి మతిపోయింది. "బాబూ, అది రాయండి!"

"రాస్తూనే ఉన్నానమ్మా, తొందరపెట్టకు."

"అయ్యో, రాయండీ బాబూ!"

"నాకు ఉన్నది ఒకటే చెయ్యి!"

ఈ కేకలకి కమిషనర్ పరాంకుశరావుగారు వరండాలోకి వచ్చారు. మొహానికి రెండు మాస్కులు, వాటి మీద ఒక ప్లాస్టిక్ అద్దం. మాట బయటికి రావడానికే ఉత్తర్వు కావాలన్నట్టు ఉంది. సంగతంతా విన్నారు. రాయిని దూరం నుంచి పరిశీలించారు.

దాలినాయుడు చదువుకున్నవాడు కదా, అవకాశం చూసి అందుకున్నాడు. "సార్, ముగ్గురు అన్న మాట మనుసులకే వాడతారండి. రాళ్లయితే మూడు అంటారు. మీ ఆర్డర్లో ముగ్గురని ఉన్నాది గాని మూడని నేదు కదండి."

"మంచి ప్రశ్న" అన్నారు కమిషనర్‌గారు. "ఈ వృద్ధురాలు ఏమన్నది? ముగ్గురము, ఒక రాయి అన్నదా? నలుగురము అన్నదా?"

"నలుగురమనే అన్నాదండి."

"చూశారా! రాయిని మనుషుల లెక్కలో చేర్చినది మీరే. ప్రజల విశ్వాసాలను గౌరవించుట ప్రభుత్వ విధానము. మీరు మనిషన్న తరువాత దానిని రాయి అనుటకు నాకు అధికారము లేదు."

"అయితే మా కుళాయి సంగతి..." అంది అప్పలనరసమ్మ.

"చట్టవిరుద్ధముగా గుమిగూడిన వారి విన్నపములు స్వీకరించబడవు."

ముగ్గురినీ ఇంటికి తోలేశారు. నాలుగో ఆయన్ని ఆడపిల్లల బడిలో పెట్టిన క్వారంటైన్‌కి తీసుకుపోయారు. అంబులెన్సులో.

దారంతా కొండమ్మ ఏడుస్తూనే ఉంది. "నా మూలాన ఆడికి ఎంత కష్టమొచ్చీసింది!"

"మన కుళాయి పోయినాదే అని నానేడుస్తంటే, నువ్వు రాయి కోసం ఏడుస్తావేటప్పా!"

నల్లా రాయుడికి బడిలో ఏ లోటూ జరగలేదు. కిటికీ పక్కన మంచం, దుప్పటి, మూడు పూటలా భోజనం, గుడ్డు. పెట్టిన అన్నం పెట్టినట్టే మాయమయ్యేది. "రోగికి ఆకలి బాగున్నది" అని సన్యాసిరావు పైకి రాసి పంపేవాడు. బడి కాపలావాడు మాత్రం ఆ వారంలో కాస్త ఒళ్లు చేశాడు.

ఎండ కిటికీలోంచి నేరుగా మంచం మీద పడుతుంది. రోహిణి ఎండ. ఒకరోజు మధ్యాహ్నం సన్యాసిరావు వచ్చి జ్వరం తుపాకిని రాయుడి నుదుటికి గురిపెట్టాడు. నుదురెక్కడో తెలియక పైవైపు గురిపెట్టాడు. తుపాకి కీచుమని అరిచి ఎర్రగా వెలిగింది.

సన్యాసిరావు చెప్పులు వదిలేసి కమిషనర్‌గారి దగ్గరికి పరుగెత్తాడు.

"జ్వరమండి! తుపాకి తట్టుకోలేకపోయిందండి!"

"నాడి?"

"అందలేదండి."

"ఊపిరి?"

"కనబడలేదండి."

"పిలిస్తే పలుకుతున్నాడా?"

"ఊహూ."

కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గెడ్డవలసలో మొదటి కేసు. "రోగి ఎవరెవరితో మెలిగాడో వెంటనే తేల్చండి."

తేల్చడం కష్టమేమీ కాలేదు. కంకర గుట్ట. ఇన్నేళ్లూ ఒకరి మీద ఒకరు పడి, దూరం లేదు, మాస్కు లేదు, రాత్రింబవళ్లు అక్కడే. ఊళ్లో ఇంతకంటే పెద్ద గుంపు ఇంకోటి లేదు. "మన ముక్కు కిందనే ఇంత సమూహము కొనసాగుచుండగా మీరేమి చేయుచున్నారు?" అని సన్యాసిరావుకి ఇంకో మెమో.

మర్నాడు పారిశుధ్య కార్మికుల్ని దింపారు. రాయికీ రాయికీ మధ్య ఆరడుగుల దూరం. ఒకడు టేపు పట్టుకుంటే ఒకడు రాయి పెట్టడం. గుట్ట వీధి దాటింది, బజారు దాటింది, ఊరు దాటింది. ఊళ్లో వాళ్లు అడుగు తీసి అడుగు వేస్తే రాయి తగిలి బొక్కబోర్లా పడుతున్నారు. రోడ్డు కాంట్రాక్టరు మాత్రం వచ్చి, ఆ రాళ్ల మధ్య నిలబడి, పని మొదలైందని ఫోటో తీయించుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు, పదోన్నతి కోసం చూస్తున్నవాడు, ఒక సందేహం లేవనెత్తాడు. "సార్, ఆ కంకర మన ఊరి కొండదండి. ఈ ఆఫీసు గోడలు కట్టిందీ ఆ కొండ రాయితోనే."

కమిషనర్‌గారు గోడకి ఆనుకుని ఉన్నవారు కాస్తా ముందుకి జరిగారు.

"అంటే?"

"ఒకే కొండ వాళ్లండి. రక్తసంబంధం."

ఆ సాయంత్రానికి మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఎర్రతాడు కట్టారు. "చట్టవిరుద్ధముగా గుమిగూడిన రాళ్లు. ప్రవేశము లేదు" అని బోర్డు పెట్టారు. పరాంకుశరావుగారి బల్లనీ, కుర్చీనీ బస్సుల్లేని బస్టాండు మధ్యకి మార్చారు. ఆయన అక్కడ ఒక్కరే కూర్చుని, గాలికి ఎగిరే కాగితాల్ని రెండు చేతులా పట్టుకుని ఊరిని పాలించసాగారు.

ఇక్కడ ఇటుకల వీధిలో పసిదానికి పొక్కులు చీము పట్టాయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆసుపత్రి నర్సమ్మ చూసి మంచి నీళ్లతో కడగమంది. మంచి నీళ్లెక్కడివి? అప్పలనరసమ్మ గెడ్డ నుంచి బురద బిందె నెత్తిన పెట్టుకుని వస్తూ, బస్టాండులో కమిషనర్‌గారిని చూసింది. రాయి తీసి కొట్టాలన్నంత కోపమొచ్చింది. చుట్టూ చూస్తే రాళ్లన్నీ దూరదూరంగా ఉన్నాయి. వంగి తీసేలోపు కోపం చల్లారిపోయేట్టుంది.

సరిగ్గా అప్పుడే మైకు ఆటో వచ్చింది.

"రోగులు తమ గృహములందే ప్రత్యేకముగా ఉండవచ్చును. అట్టి గృహమునకు, రోగి కోలుకొను వరకు, నిరంతర నీటి సరఫరా చేయబడును..."

అప్పలనరసమ్మ బిందె దింపింది. ఆటో ఊరు చుట్టి మళ్లీ వచ్చేదాకా నిలబడి ఇంకోసారి వింది. తర్వాత బిందె అక్కడే వదిలేసి, చేతులు కట్టుకుని, కమిషనర్‌గారి బల్ల ముందు దూరంగా నిలబడింది. ఒక్కతే. ఉత్తర్వు ప్రకారం ఇంకా ఇద్దరికి చోటుంది.

"బాబూ, మావోణ్ని ఇంటికి పంపించీయండి."

"ఎవరినమ్మా?"

"నల్లా రాయుణ్నండి. బడిలో ఆడికి దిగులుగా ఉన్నాదంట. ఇంటికాడుంటే మాం సూసుకుంటాం."

"మీరతనికి ఏమవుతారు?"

"ఈ మద్దెన బాగా దగ్గరయిపోయాడండి."

"ప్రత్యేకమైన గది ఉన్నదా?"

"బియ్యం డబ్బా ఎనకాల ఉన్నాదండి. అటేపు ఎవులూ ఎల్లరు."

పరాంకుశరావుగారికీ బడి ఖాళీ చేయించాలని ఉంది. కిందటి రాత్రి ఆయనకే ఒక అనుమానం వచ్చింది, బడి గోడలు ఏ కొండవని. వెంటనే అనుమతించారు. "రోగి కోలుకొను వరకు మాత్రమే. ఉష్ణోగ్రత తగ్గిన మరుక్షణము కుళాయి మూసివేయబడును."

రాయుడు అంబులెన్సులో తిరిగి వచ్చాడు. కొండమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. కుళాయి మెడలో అట్టముక్క పోయింది, పిడి వచ్చింది, నీళ్లు వచ్చాయి. వీధంతా బిందెలతో దిగింది. సన్యాసిరావు గుంపుని చూసి నోరు తెరవబోతుంటే దాలినాయుడు అడ్డుపడ్డాడు. "ఈల్లు గుంపు కాదు సార్. రోగి సహాయకులు."

సన్యాసిరావు పైకి అడిగాడు. రోగికి సహాయకులు ఎంతమంది ఉండాలో నిబంధనల్లో లేదని జవాబు వచ్చింది.

ఆ రోజు మనవరాలికి మంచి నీళ్లు కాచి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని అప్పలనరసమ్మ స్నానం చేయించింది. పిల్ల ఏడవలేదు. పక్కన పీట మీద, ఎండలో, రాయుడు. రోజూ మధ్యాహ్నం సన్యాసిరావు వచ్చే వేళకి ఆవిడ ఆయన్ని బయట పెట్టేది. రోజూ తుపాకి ఎర్రగా వెలిగేది.

"ఇంకా తగ్గలేదమ్మా" అనేవాడు సన్యాసిరావు.

"పెద్ద పేనం కదండి" అనేది ఆవిడ.

ఊరన్నాక కబురు ఆగుతుందా! వారం తిరిగేసరికి కొబ్బరితోట వీధిలో ఒక కేసు. రైల్వే గేటు దగ్గర రెండు. తర్వాత ప్రతి కుళాయికీ ఒక రోగి. ఒకరోజు సన్యాసిరావు జ్వరం చూసి, వెళ్లకుండా గుమ్మంలోనే నసుగుతూ నిలబడ్డాడు.

"ఏటి బాబూ?"

"ఏమీ లేదమ్మా... మా వీధి కుళాయి కూడా నేనే కట్టేశాను కదా. మా ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. రాయుడిగారి చుట్టాలు ఎవరైనా... కాస్త నలతగా ఉన్నవాళ్లు..."

కొండమ్మ వెళ్లి మంచి బరువైనదాన్ని ఏరి ఇచ్చింది.

గెడ్డవలస లెక్కలు పైదాకా పోయాయి. అంత తీవ్రమైన జ్వరాలు, నాడి అందనివాళ్లు, ఊపిరి ఆడనివాళ్లు, అయినా ఒక్క మరణం లేదు. పరాంకుశరావుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోపాటు ఆ అద్భుతాన్ని చూడడానికి పై నుంచి ఒక ప్రత్యేక అధికారి కూడా బయల్దేరారు. వచ్చేముందే ఒక మాట పంపారు: ఇన్ని వారాలు జ్వరం ఉండడం అసంభవము. స్వయంగా పరీక్షిస్తాను. మొట్టమొదటి రోగి కోలుకున్నట్టు తేలితే అందరూ కోలుకున్నట్టే. కుళాయిలన్నీ తక్షణం మూయించాలి.

ఆయన వచ్చిన రోజున వాన. అంతకుముందు రోజూ వానే. సూర్యుడు మొహం చూపించలేదు. పొద్దున అప్పలనరసమ్మ రాయుణ్ని ముట్టుకుంటే కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాడు. ఆవిడ గుండె అంతకంటే చల్లబడిపోయింది. పిల్ల పొక్కులు ఇప్పుడిప్పుడే ఎండుతున్నాయి. మళ్లీ ఆ గెడ్డ నీళ్లంటే!

పొయ్యి మీద పెడదామంటే కట్టెలన్నీ తడి. ఊదగా ఊదగా పొగ వచ్చింది గాని మంట రాలేదు. ఇంతలో వీధిలో జీపు ఆగింది.

పరాంకుశరావుగారు, సన్యాసిరావు, వాళ్ల మధ్య తెల్ల కోటులో నిలువెత్తు అధికారిగారు. సరిగ్గా ముగ్గురు. కొండమ్మ వాళ్లని లెక్కపెట్టి, "ఈల్ల పని అవ్వదు" అని గొణిగింది.

"రోగి ఎక్కడ?" అన్నారు అధికారిగారు.

అప్పలనరసమ్మ పీట వైపు చూసింది. పీట మీద రాయుడు లేడు.  "ఇక్కడే... ఇప్పుడే..."

"పారిపోయాడా?"

"లోపల పడుకున్నాడమ్మా" అని గౌరి గొంతు వినిపించింది బాలింత గదిలోంచి. "బాబులు అక్కడే ఉండండి. బాలింత గది. నానే తెస్తాను."

లోపల పట్టకారు చప్పుడైంది. ఆ తర్వాత గౌరి పళ్లెంలో, మీద తడిగుడ్డ కప్పి, రాయుణ్ని తెచ్చి గడప మీద పెట్టింది. గుడ్డలోంచి బుసబుసమని ఆవిర్లు. బాలింత మంచం కింద రాత్రీ పగలూ నిప్పులతో ఉండే కుంపటి సంగతి అప్పలనరసమ్మకి కంగారులో గుర్తే రాలేదు. గౌరికి గుర్తొచ్చింది.

"సెమటలు పట్టీసి ఆవిర్లొచ్చీస్తన్నాయండి" అంది గౌరి.

సన్యాసిరావు తుపాకి గురిపెట్టాడు. అది ఒక్క కేక పెట్టి, అంకె చూపించకుండానే ఆరిపోయింది. ఇంక మళ్లీ వెలగలేదు.

అధికారిగారు వెనక్కి రెండడుగులు వేసి వాన నీళ్లలో నిలబడ్డారు. ఆయన సర్వీసులో ఇలాంటి జ్వరం చూడలేదు.

"రాయండి!" అన్నారు సన్యాసిరావుతో.

"రాయేనండి బాబూ" అంది కొండమ్మ చటుక్కున. "మాం మొదట్నుంచీ అదే సెప్తన్నాం."

 అప్పలనరసమ్మ కళ్లు మూసుకుంది.

"ఏమంటోందావిడ?"

సన్యాసిరావు రాయి వంక చూశాడు. కుళాయి వంక చూశాడు. ఇంటి దగ్గర ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్న పెళ్లాం గుర్తొచ్చింది.

"రాయమంటోందండి, తొందరగా" అన్నాడు.

"మరి రాయండి. రోగి పరిస్థితి మిక్కిలి విషమము. కుళాయి మూయరాదు. ఈ వీధికి అదనముగా మరియొక కుళాయి తక్షణము మంజూరు చేయవలెను."

జీపు వెళ్లిపోయింది. గౌరి కుంపటి దగ్గరికి పోయి పిల్లకి పాలు పట్టింది. రాయుడు గడప మీద చినుకులకి సుయ్యిమంటూ చల్లారుతున్నాడు.

"ముగ్గురం కలిసి ఎల్తే పనవ్వదని నాను సెప్పినానా నేదా?" అంది కొండమ్మ. "నలుగురం ఎల్లబట్టే కదే ఒకటడిగితే రెండొచ్చినాయి!"

అప్పలనరసమ్మ గడప దగ్గరికి వెళ్లింది. రాయుణ్ని పొడిగుడ్డతో తుడిచి కొంగున ముడేసుకుంది.

"వాన తగ్గనీ అప్పా. ఈదిలో దీపం కూడా నేదు కదా. ఎల్లి అడుగుదాం" అంది. "మన నలుగురం."